బైక్ ఫ్యూయల్ పంపు మార్చడం: బయటి పంపు వేసేటప్పుడు ఏ పని ముందు, ఏది తర్వాత

2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చినప్పటి నుంచి కొత్త బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, అంటే ట్యాంకులోని కరెంటు పంపు పెట్రోల్‌ను ప్రెషర్‌తో ఇంజెక్టర్‌కు తోస్తుంది, అది ఇంజిన్‌లోకి చిమ్ముతుంది. వాటిలో చాలావాటికి ఇప్పుడు వారంటీ అయిపోయింది. అందుకే ఈ ప్రశ్న ఇంతగా వస్తోంది: "షోరూమ్‌లో పంపు సెట్టు మొత్తం మార్చాలంటున్నారు, బయట ఒట్టి మోటార్ చాలా తక్కువకు దొరుకుతోంది, వేసుకోవచ్చా?"

వేసుకోవచ్చు. అయితే బయటి పంపు, అంటే బజారులో దొరికే కంపెనీది కానిది, వేసిన కొద్ది వారాలకే మళ్లీ ఆగిపోయే బండ్లు కూడా ఉంటున్నాయి. నేను చూసినంతలో వాటిలో ఎక్కువ భాగం పంపు తప్పు కాదు. ట్యాంకులోపలి చిన్న పైపు, దాని క్లిప్పు, రబ్బరు సీలు, ఎర్తింగ్ వైరు, వీటిలో ఏదో ఒకటి సరిగా ఉండదు. కాబట్టి ఈ పనిలో పంపు కంటే దాని చుట్టూ ఉన్న సామాను మీదే ఎక్కువ దృష్టి పెట్టాలి.

స్పానర్ పట్టిన అలవాటు, మల్టీమీటర్ వాడటం వస్తే ఇది ఇంట్లో చేయగలిగిన పనే. ఆ రెండూ లేకపోతే ఇది చదివి, మెకానిక్ పక్కన నిలబడి చేయించుకోండి. బండి ఇంకా వారంటీలో ఉంటే మాత్రం అసలు విప్పకండి. వారంటీ అయిపోయినా సరే, మీ చాసిస్ నంబరు చెప్పి ఈ పంపు మీద కంపెనీ రీకాల్ ఏదైనా ఉందేమో షోరూమ్‌లో ఒకసారి అడగండి. ఉంటే ఉచితంగానే మారుస్తారు.

## 1. పోయింది పంపేనా?

తాళం తిప్పి, కిల్ స్విచ్ ఆన్ చేయగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్ల పాటు "జుయ్" మని వినిపిస్తుంది. పంపు పైపులో ప్రెషర్ నింపుతున్న శబ్దం అది. బండి బాగున్న రోజుల్లో ఆ శబ్దం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. రోడ్డు పక్కన వినపడదు, రాత్రి పూట గల్లీ సద్దుమణిగాక వినండి.

శబ్దమే లేకపోతే ఈ వరసలో చూడండి:

- కిల్ స్విచ్ నిజంగా ఆన్‌లో ఉందా? నాలుగైదు సార్లు అటూ ఇటూ నొక్కండి. వానకు తడిసిన స్విచ్ లోపల పచ్చగా చిలుము పడుతుంది.
- బండి ఈ మధ్య పక్కకు పడిందా? పడితే వంపు సెన్సర్ పంపును ఆపేస్తుంది. బండిని నిలబెట్టి తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే చాలా బండ్లలో సరైపోతుంది.
- ఫ్యూజు కొట్టేసిందా? అదే ఆంపియర్ల కొత్త ఫ్యూజు వేయండి. అదీ వెంటనే కొట్టేస్తే వైరు షార్ట్ అయినా అయ్యుండాలి, పంపు జామ్ అయినా అయ్యుండాలి. పెద్ద ఫ్యూజు వేసి చూద్దామనుకోకండి. ఆ వైరు పెట్రోల్ ట్యాంకులోకి వెళ్తోంది.
- పంపు రిలే, అంటే పంపుకు కరెంటు వదిలే చిన్న డబ్బా స్విచ్. పక్కనే అదే నంబరు రిలే ఇంకోటి ఉంటే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి.

ఇవన్నీ బాగుంటే మల్టీమీటర్ తీయండి. పంపు కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) ఊడదీయకుండా, దాని వెనక వైపు నుంచి ప్రోబులు దూర్చి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. మీకు దొరికేది ఆ రెండు మూడు సెకన్లే. అదే సమయంలో బ్యాటరీ దగ్గర ఎంత ఉందో కూడా మరోసారి కొలవండి.

బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు ఉండి కప్లర్ దగ్గర కూడా అంతే వస్తూ పంపు కదలకపోతే పంపు పోయినట్టే. రెండింటికీ తేడా అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో వైరు గానీ ఎర్తింగ్ గానీ తినేస్తోంది. ఆ తేడా అలాగే ఉంచి కొత్త పంపు వేస్తే, అదీ నీరసంగానే తిరుగుతుంది. అసలు వోల్టేజే రాకపోతే పంపు జోలికి వెళ్లకండి. వైరింగ్ చూసే మనిషిని పిలవండి.

శబ్దం ఉంది, కానీ బండి జర్కులు కొడుతోంది, ఎత్తు మీద పికప్ లేదు, వేడెక్కాక ఆగిపోతోంది అనుకోండి. ఇక్కడే ఎక్కువమంది తొందరపడి పంపు కొనేస్తారు.

ముందు ట్యాంకు మూత చూడండి. బండి ఆగిన వెంటనే మూత తెరిస్తే "స్స్" మని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి మామూలుగా స్టార్ట్ అయితే తప్పు మూతలోని గాలి రంధ్రానిది. లేదా ట్యాంకుకు గాలి ఆడనిచ్చే బ్రీదర్ పైపు ఎక్కడో నలిగింది. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాత పెట్రోల్. ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపించినా, పెట్రోల్ మసకగా ఉన్నా నీళ్లు చేరాయన్న మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్‌ను కూడా లాక్కుని కిందికి దిగిపోతాయి. పంపు పీల్చేది సరిగ్గా ఆ అడుగు నుంచే. వానాకాలంలో రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లలో నడిపిన బండ్లకు, బయట తడుస్తూ నిలబెట్టిన బండ్లకు ఇది మామూలే.

ఆ తర్వాత ప్రెషర్ గేజ్. చాలా బండ్లలో ప్రెషర్ 2.5 నుంచి 3.5 బార్ల మధ్య ఉండాలి. మీ బండికి కచ్చితంగా ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్ ఉన్న మెకానిక్ దగ్గర పది నిమిషాల పని. తాళం ఆఫ్ చేశాక ప్రెషర్ కాసేపు నిలబడాలి. టక్కున పడిపోతే పంపులోని వాల్వు, ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్, ట్యాంకులోపలి పైపు, కారుతున్న ఇంజెక్టర్, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి.

## 2. ఏది కొనాలి

బయట రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పూర్తి మాడ్యూల్: మోటార్, పెట్రోల్ వడగట్టే జాలీ, రెగ్యులేటర్, పెట్రోల్ ముల్లును కదిపే ఫ్లోటు, వీటిని పట్టుకుని ట్యాంకు రంధ్రాన్ని మూసే పళ్లెం అన్నీ కలిపి. రెండోది ఒట్టి మోటార్, దానితో ఒక జాలీ, రెండు క్లిప్పులు, చిన్న పైపు ముక్క.

పళ్లెం పగిలినా, వైర్లు బయటికి వచ్చే చోట పెట్రోల్ చెమ్మ కనిపించినా, ఫ్లోటు పోయినా మాడ్యూలే తీసుకోండి. అవన్నీ బాగుంటే ఒట్టి మోటార్ చాలు. నా ఓటు దానికే. కంపెనీ పళ్లెం, కంపెనీ ఫ్లోటు బండిలోనే ఉంటాయి కాబట్టి కూర్చోకపోవడం, ముల్లు తప్పు చూపించడం లాంటి గోల ఉండదు. చవక మాడ్యూళ్లలో ఈ రెండు ఫిర్యాదులూ ఎక్కువ. కొన్ని బండ్లలో మాత్రం మాడ్యూల్ ప్లాస్టిక్ అతికేసి ఉంటుంది, విడదీయడం కుదరదు. విప్పేముందే ఇది తెలుసుకోండి.

హైదరాబాద్‌లో టూవీలర్ స్పేర్ పార్ట్స్ అంటే పుత్లీబౌలి, రాణీగంజ్. పైపులు, క్లిప్పులు, మంచి స్పానర్లు కూడా రాణీగంజ్‌లోనే దొరుకుతాయి. మల్టీమీటర్, కప్లర్ పిన్నుల కోసం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లండి. పాత పంపును కడిగి ఆరబెట్టి వెంట తీసుకెళ్తే సగం పని అయిపోయినట్టే. కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టి పోల్చండి.

పోల్చాల్సినవి:

- మోటార్ వ్యాసం, పొడవు. కంటికి ఒకేలా ఉన్నా ఒక మిల్లీమీటర్ తేడాకే ప్లాస్టిక్ గూడులో కూర్చోదు. వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి.
- పెట్రోల్ పీల్చే ముక్కు, బయటికి తోసే ముక్కు ఎటు తిరిగి ఉన్నాయి, ఎంత లావున్నాయి.
- ప్రెషర్. మీ బండికి కావలసినంత ఇవ్వగలదని డబ్బా మీద ఉండాలి. కార్బ్యురేటర్ బండ్లకు వాడే తక్కువ ప్రెషర్ పంపులు కూడా అదే కౌంటర్ మీద ఉంటాయి.
- కరెంటు పిన్నుల ఆకారం, ప్లస్ మైనస్ గుర్తులు.
- జాలీ ఏ దిక్కుకు వంగి ఉంది. ఇది తప్పితే రిజర్వ్‌లో బండి ఆగిపోతుంది.
- ఈ20కి పనికొస్తుందని రాసి ఉందా.
- జీఎస్టీ బిల్లు. వారంటీ ఎన్ని నెలలో దాని మీద రాయించుకోండి. ఎలక్ట్రికల్ సామాను వాపసు తీసుకోబోమని చాలా షాపుల్లో బోర్డే ఉంటుంది.

"సెట్ అయితది అన్నా, తీస్కపో" అంటే సరిపోదు. సెట్ కాకపోతే ఎవరు చూస్తారో అప్పుడే అడగండి.

ఇంకొకటి జాగ్రత్త. పంపు పనిచేస్తోందని చూపించడానికి కొన్ని షాపుల్లో దాన్ని కౌంటర్ మీదే 12 వోల్టుల బ్యాటరీకి తగిలించి గిర్రున తిప్పుతారు. వద్దనండి. ఈ మోటార్‌కు చల్లదనమూ, జారుడూ రెండూ పెట్రోల్‌తోనే. పొడిగా తిరిగితే లోపలి పలుచటి భాగాలు అరిగిపోతాయి. తిరుగుతుందో లేదో తెలియాలంటే మీటర్‌తో రెండు పిన్నుల మధ్య నిరోధం చూస్తే చాలు. కొద్ది ఓములు చూపిస్తే లోపలి తీగ తెగలేదన్నట్టు.

పంపుతో పాటు తప్పక కొనాల్సినవి:

- పళ్లెం కింద కూర్చునే కొత్త రబ్బరు సీలు. ఇది కంపెనీదే కొనండి. ఇక్కడ ఆదా చేయకండి.
- ట్యాంకులోపలికి వేసే పైపు. దాని మీద "ఎస్ఏఈ జె30 ఆర్10" అని అచ్చు ఉండాలి. పెట్రోల్‌లో మునిగి ఉండే పైపు అది. "ఆర్9" బయట వాడే ఇంజెక్షన్ పైపు. మీ పంపుకు ముడతలు ముడతలుగా ఉండే నైలాన్ ట్యూబు ఉంటే రబ్బరు పైపు వేయకండి, అలాంటిదే వెతకండి.
- అంచులు మడిచిన ఇంజెక్షన్ క్లిప్పులు. చీలికలున్న మామూలు స్క్రూ క్లిప్పు చిన్న పైపును కోసేస్తుంది.
- రెగ్యులేటర్ ఓ-రింగులు, బయట వేరే ఫిల్టర్ ఉంటే కొత్త ఫిల్టర్.

## 3. ఎక్కడ చేయాలి, ఏమేం దగ్గర పెట్టుకోవాలి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేయకండి. హైదరాబాద్‌లో బండి నిలిపేది చాలామందికి అక్కడే కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీదే పరుచుకుంటుంది, సెల్లార్‌లోంచి బయటికి పోదు. కరెంటు మీటర్ల బోర్డు, బోరు మోటార్ స్టార్టర్, లిఫ్ట్ మోటార్ స్విచ్‌లు కూడా తరచూ ఆ సెల్లార్‌లోనే ఉంటాయి. ఎవరో పైనుంచి మోటార్ ఆన్ చేస్తే స్టార్టర్‌లో నిప్పురవ్వ లేస్తుంది. పెట్రోల్ ఆవిరి మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా అంటుకోగలదు. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఉదయం పూట, నీడ పడే ఆరుబయట చేయండి. టెర్రస్ బాగుంటుంది కానీ బండి పైకి ఎక్కదు కదా, ట్యాంకు ఊడదీసే మోడలైతే ట్యాంకు మాత్రం పైకి పట్టుకెళ్లొచ్చు. పక్కింటి వంటగది కిటికీ, అగరుబత్తి, సిగరెట్, గ్యాస్ గీజర్ దగ్గర్లో ఉండకూడదు. సంధ్య దీపాల వేళకు పని తేలకపోతే మూత బిగించి మర్నాటికి వాయిదా వేయండి.

దగ్గర ఉండాల్సినవి:

- ఏబీసీ పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, అది లేకపోతే కనీసం ఒక బకెట్ పొడి ఇసుక. పెట్రోల్ మంట మీద నీళ్లు పోయకూడదు.
- టీ స్పానర్లు, ఎలన్ కీలు, నోస్ ప్లేయర్, వీలైతే చిన్న టార్క్ రెంచి.
- చేతితో నొక్కే సైఫన్ పంపు.
- పెట్రోల్‌కు పనికొచ్చే మూత ఉన్న డబ్బా. మంచినీళ్ల బాటిల్‌లో పట్టకండి, పిల్లలు తాగేస్తారు.
- నూలు గుడ్డలు, నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు.
- తలకు పెట్టుకునే ఎల్ఈడీ లైటు. పని మొదలుకాక ముందే ఆన్ చేసి, ముగిసే వరకు స్విచ్ ముట్టుకోకండి.

నైలాన్, పాలిస్టర్ చొక్కా వద్దు. ఫోటోలు తీయడానికి ఫోన్ కావాలి, నిజమే. కానీ ట్యాంకు తెరిచి ఉన్నప్పుడు దాని మీదికి వంచి తీయకండి. మాడ్యూల్ బయటికి తీసి, దూరంగా పెట్టి తీయండి.

## 4. ట్యాంకు ఖాళీ చేసి విప్పడం

రెండు మూడు రోజుల ముందు నుంచే పెట్రోల్ తగ్గేలా చూసుకోండి. అయితే బండి ఇంకా నడుస్తుంటే అడుగంటే దాకా నడపకండి, ఆ వేడికి సగం చచ్చిన పంపు పూర్తిగా చస్తుంది.

1. బండి పూర్తిగా చల్లారనివ్వండి. సైలెన్సర్ వేడిగా ఉంటే మొదలుపెట్టకండి.
2. పైపులోని ప్రెషర్ తీసేయండి. బండి స్టార్ట్ అవుతుంటే, ఐడిల్‌లో ఉండగా పంపు ఫ్యూజు లాగేయండి. కాసేపటికి ఇంజిన్ దానంతట అదే ఆగిపోతుంది. ఒకసారి సెల్ఫ్ నొక్కి వదలండి. స్టార్ట్ కాని బండి అయితే పైపు ఊడదీసేటప్పుడు చుట్టూ మందపాటి గుడ్డ చుట్టండి.
3. తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయండి. అన్నీ బిగించాక చివర్లో తిరిగి పెట్టేది కూడా ఇదే.
4. సైఫన్ పంపుతో పెట్రోల్ తీయండి. డబ్బాను నేల మీద పెట్టి నింపండి, చేత్తో ఎత్తి పట్టుకోకండి. నోటితో పీల్చడం అసలు వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే.
5. సీటు, సైడ్ ప్యానెళ్లు తీసి, ట్యాంకు వెనక బోల్టు విప్పండి. ట్యాంకు కింద బ్రీదర్ పైపు, వాన నీరు దిగే డ్రైన్ పైపు ఉంటాయి. ఏది ఎక్కడిదో మాస్కింగ్ టేపు మీద రాసి అంటించండి.
6. ఇంజెక్టర్‌కు వెళ్లే పైపు కప్లింగ్‌కు రెండు వైపులా నొక్కే చెవులుంటాయి. ముందు పైపును పంపు వైపు కొంచెం నెట్టి, చెవులు నొక్కి, అప్పుడు లాగండి. ఊరికే లాగితే చెవి విరుగుతుంది, అప్పుడు మొత్తం పైపు కొనాలి.

ట్యాంకు అడుగున పంపు ఉండే బండ్లలో ట్యాంకును పాత దుప్పటి మీద బోర్లా పెట్టాల్సి వస్తుంది. ముందు మూత గట్టిగా బిగించండి, మిగిలిన చుక్కలు పెయింట్ మీద పడితే వెంటనే తుడవండి.

## 5. మాడ్యూల్ బయటికి తీయడం

నట్లు విప్పే ముందు పళ్లెం చుట్టూ బ్రష్‌తో దులపండి. అక్కడ పేరుకున్న మట్టి అంతా మీరు పళ్లెం లేపగానే ట్యాంకులో పడుతుంది. కొత్త జాలీని మొదటి రోజే మూసేది ఆ మట్టే.

పళ్లెం ఏ దిక్కుకు ఉందో మార్కర్‌తో గీత గీయండి. నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయండి. పళ్లెం అతుక్కుని ఉంటే స్క్రూ డ్రైవర్‌తో కుమ్మకండి, సీలు కూర్చునే అంచు మీద గీత పడితే జీవితాంతం కారుతుంది. చేత్తో అటూ ఇటూ తిప్పితే వస్తుంది.

తిన్నగా పైకి లాగకండి. ఫ్లోటు చెయ్యి లోపల అంచుకు తగులుతుంది, వంగిపోతుంది. కొంచెం లేపి, వంచి, ఫ్లోటు ఉన్న వైపు చివరగా వచ్చేలా తీయండి. ఎలా వంచితే వచ్చిందో గుర్తుపెట్టుకోండి. లోపలికి వెళ్లేదీ అదే దారిలో, వెనక నుంచి ముందుకు.

ఇప్పుడు ట్యాంకులోకి లైటు వేసి చూడండి. అడుగున ఎర్రటి పొడి ఉందంటే తుప్పు. ఈ స్థితిలో కొత్త పంపు వేయడం డబ్బు నాలాలో పోయడమే. కొంచెమైతే శుభ్రమైన పెట్రోల్ పోసి కదిపి ఒంపేయొచ్చు, పొడి రాకుండా పోయేదాకా. పొరలు పొరలుగా ఊడుతుంటే ముందు ట్యాంకు పని చేయించండి.

## 6. మోటార్ మార్చడం

పని మొత్తంలో నిదానంగా చేయాల్సింది ఇక్కడే. శుభ్రమైన తెల్ల గుడ్డ పరిచి, దాని మీద పెట్టుకోండి. విప్పిన ప్రతిదాన్నీ విప్పిన వరసలోనే పక్కన పేర్చండి.

జాలీ. పాతది ఏ కోణంలో ఉందో ఫోటో తీశాకే లాగండి. పాత జాలీ కడిగి మళ్లీ వేయొద్దు. చూడ్డానికి తెల్లగా ఉన్నా గుడ్డ పోగుల మధ్య దుమ్ము ఇరుక్కుని ఉంటుంది.

వైర్లు. ప్లస్, మైనస్ మోటార్ మీద అచ్చు వేసి ఉంటాయి. వైరు రంగును నమ్మకండి, గుర్తును నమ్మండి. తిరగేసి పెడితే మోటార్ వెనక్కి తిరుగుతుంది. శబ్దం మామూలుగానే వస్తుంది, ప్రెషర్ మాత్రం రాదు. "కొత్త పంపు కూడా డూప్లికేటే" అని షాపుకు తిరిగొచ్చే వాటిలో ఇలాంటివి కూడా ఉంటాయి.

కొత్త పిన్నులు పాతవాటికి సరిపోకపోతే, వైరు కోసి మెలేసి టేపు చుట్టే పని ట్యాంకులో పనికిరాదు. ఆ టేపు జిగురు పెట్రోల్‌లో కరుగుతుంది. టేపు ఊడి జాలీకి చుట్టుకుంటుంది, బయటపడ్డ రాగి తీగలు పెట్రోల్ ఆవిరిలో ఉంటాయి. పంపుతో వచ్చిన కప్లర్ పిన్నులనే క్రింపింగ్ ప్లేయర్‌తో నొక్కండి. అలాంటి పిన్నులు రాకపోతే ఆ పంపు మీ బండికి సరైనది కాదు.

పైపు, క్లిప్పులు. మోటార్ ముక్కు నుంచి పళ్లెం దాకా వెళ్లేది రెండు మూడు అంగుళాల పైపే. అది 3 బార్ల ప్రెషర్ మోయాలి, లోపలా బయటా పెట్రోల్‌లో నానుతూ. బండి కార్బ్యురేటర్‌కు వేసే మామూలు పెట్రోల్ పైపు ఇక్కడ వేస్తే కొన్ని వారాలకే ఉబ్బి మెత్తబడుతుంది. వేలితో నొక్కితే నానిన రబ్బరులా అణుగుతుంది, క్లిప్పు అంచు దగ్గర సన్నటి చీలిక పడుతుంది. ఆ చీలికలోంచి పెట్రోల్ తిరిగి ట్యాంకులోకే పోతుంది కాబట్టి బయట ఒక్క చుక్క కారదు, వాసన కూడా రాదు. పంపు జుయ్‌మంటూనే ఉంటుంది, బండి మాత్రం లాగదు. అప్పుడు మెకానిక్ ఇంజెక్టర్ మారుస్తాడు, తర్వాత స్పార్క్ ప్లగ్, తర్వాత సెన్సర్.

పాత పైపు పొడవే కొత్తదానికీ ఉండాలి. పొట్టిదైతే లాగి ఊడుతుంది, పొడుగైతే మడత పడుతుంది. బ్లేడుతో తిన్నగా కోయండి. పైపును ముక్కు మీది ఉబ్బు దాటేదాకా ఎక్కించండి, క్లిప్పు ఆ ఉబ్బు వెనక కూర్చోవాలి, దాని మీద కాదు.

రెగ్యులేటర్. పాతదే వాడుతుంటే రెండు ఓ-రింగులూ కొత్తవి వేయండి. ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి నెడితే మెలిపడకుండా కూర్చుంటాయి.

రబ్బరు తొడుగు. మోటార్ చుట్టూ ఉండే ఈ తొడుగును "పట్టడం లేదు" అని తీసేయకండి. మోటార్ అదురు పళ్లేనికి అందకుండా ఆపేది అదే. లేకపోతే పంపు మోత సీటు దాకా వినిపిస్తుంది.

## 7. తిరిగి బిగించడం

పాత సీలు బయటికి తీసిన కాసేపటికి చూస్తే గాడి కంటే పెద్దదిగా కనిపిస్తుంది. పెట్రోల్ తాగి ఉబ్బిందది. దాన్ని బలవంతంగా గాడిలో నొక్కితే ఒక చోట మడత లేచి, అక్కడే కారుతుంది. కొత్తది వేయండి, పొడిగా, శుభ్రంగా.

సీలు మీద సిలికాన్ గమ్ పూయకండి. పెట్రోల్‌కు అది మెత్తబడి పోగులు పోగులుగా ఊడి జాలీని మూసేస్తుంది. సీలు, అంచు రెండూ బాగుంటే ఏ గమ్మూ అక్కర్లేదు. గమ్ లేకపోతే కారుతోందంటే పళ్లెం వంగి ఉంది లేదా అంచు దెబ్బతింది.

ఫ్లోటును ముందు దూర్చి, మాడ్యూల్ వంచి లోపలికి దింపండి. జాలీ అడుగున పరుచుకోవాలి, మడత పడకూడదు. మార్కర్ గీతలు కలిశాయో చూసి నట్లు చేత్తో పట్టించండి. ఆ తర్వాత కారు చక్రం నట్లలా ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి. టార్క్ ఎంతో మాన్యువల్‌లో చూడండి. చిన్న నట్లు ఇవి, పళ్లెం చాలా బండ్లలో ప్లాస్టిక్. బలమంతా పెడితే పళ్లెం వంగి, బిగించిన కొద్దీ ఎక్కువ కారుతుంది.

పైపు కప్లింగ్ "టిక్" మనేదాకా నెట్టి, వెనక్కి లాగి చూడండి. రాకూడదు. బ్రీదర్, డ్రైన్ పైపులు వాటి చోట్లలో పెట్టి, ట్యాంకు కింద నలగడం లేదని వేలితో తడిమి చూడండి.

## 8. మొదటి స్టార్ట్

ట్యాంకులో కనీసం మూడు లీటర్లు పోయండి. పంపు అడుగున ఉండే బండి అయితే సీలు కారుతుంటే ఇప్పుడే తెలుస్తుంది. పళ్లెం చుట్టూ తెల్ల టిష్యూ కాగితం తిప్పి, పదిహేను నిమిషాలు ఆగి చూడండి. కాగితం పొడిగా ఉంటేనే బ్యాటరీ నెగెటివ్ పెట్టండి.

1. తాళం ఆన్ చేసి, జుయ్ ఆగేదాకా ఉండి, ఆఫ్ చేయండి. ఇలా నాలుగైదు సార్లు. పైపులో గాలి పోతుంది.
2. మళ్లీ కాగితం తిప్పండి. ఈసారి ప్రెషర్ ఉంది కాబట్టి కప్లింగ్ దగ్గర కూడా చూడండి.
3. సెల్ఫ్ ఒకసారికి ఐదు సెకన్లకు మించి నొక్కకండి.
4. ఐడిల్‌లో ఐదు నిమిషాలు ఉంచి, ఇంకోసారి కాగితం.
5. సీటు బిగించి గల్లీలో రెండు చుట్లు, తర్వాత కాలనీ రోడ్డు. అది బాగుంటే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు ఎత్తులు ఎక్కించండి. ప్రెషర్ తక్కువైతే మూడో గేరులో అక్కడే బయటపడుతుంది.
6. పంపు పైన ఉండే బండి అయితే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే సీలు లీకు తెలుస్తుంది. కాబట్టి మొదటిసారి ఫుల్ ట్యాంకు కొట్టించినప్పుడు, ఆ రాత్రి బండిని ఆరుబయట పెట్టి పొద్దున్నే వాసన చూడండి.

తీసిన పెట్రోల్ శుభ్రంగా ఉంటే సన్న గుడ్డతో వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు. నీళ్లు కలిసినదైతే డ్రైనేజీలో పోయకండి, మూత పెట్టి మెకానిక్ షెడ్డులో ఇవ్వండి. పెట్రోల్ తడిసిన గుడ్డలు ఆరుబయట పూర్తిగా ఆరేదాకా ఇంట్లోకి తేవద్దు.

## 9. అంతా అయ్యాక ఇబ్బంది వస్తే

పంపు తిరుగుతోంది, బండి స్టార్ట్ కావడం లేదు. ముందు ప్లస్ మైనస్, తర్వాత లోపలి పైపు ఊడిందేమో, తర్వాత రెగ్యులేటర్ ఓ-రింగు.

ఫ్యూజు కొడుతోంది. కొత్త మోటార్ మీ బండి సర్క్యూట్‌కు మించి కరెంటు లాగుతోంది, లేదా వైరు పళ్లెం కింద నలిగింది. పెద్ద ఫ్యూజు దీనికి పరిష్కారం కాదు.

నల్ల పొగ, మైలేజీ పడిపోయింది. ప్రెషర్ ఎక్కువగా ఉంది. మాడ్యూల్‌తో వచ్చిన రెగ్యులేటర్ మీ బండిది కాదు. పాత రెగ్యులేటర్ అందులో పడుతుందేమో చూడండి, లేకపోతే మాడ్యూల్ వాపస్ ఇచ్చేయండి.

పెట్రోల్ ముల్లు తప్పు చూపిస్తోంది. ఫ్లోటు చెయ్యి వంగింది లేదా గోడకు తగులుతోంది. మాడ్యూల్ మళ్లీ తీయాల్సిందే.

పది కిలోమీటర్లకు ఆగుతోంది, కాసేపు ఆగితే నడుస్తోంది. మూత తెరిచి చూడండి. చాలాసార్లు ట్యాంకు దింపేటప్పుడు నలిగిన బ్రీదర్ పైపే ఇది.

పంపు మోత పెరుగుతూ పోతోంది. జాలీ మూసుకుంటోంది, లేదా బండి ఎప్పుడూ రిజర్వ్‌లోనే తిరుగుతోంది. వంద రూపాయల పెట్రోల్ పోయించుకుని రెండు రోజులు నడిపే అలవాటుంటే మానుకోండి, ట్యాంకులో పావు వంతు ఎప్పుడూ ఉంచండి. అలా నింపి నడిపినా మోత తగ్గకపోతే, వారంటీ బిల్లు తీసుకుని షాపుకు వెళ్లే ముందు జాలీ ఒకసారి తీసి చూడండి. జాలీలో తుప్పు కనిపిస్తే షాపువాడు పంపు మార్చడు.